బహుమతి వచ్చిన స్టేషన్

ప్రియమైన ఆల్డా అక్కకు,

మా స్టేషన్ ఫోటో పత్రికలో చూసి, రాజభవనంలో ఉన్నావే అని రాశావు. నిజమే. గోడల నిండా నీలిరంగు పింగాణీ పలకలు, వాటి మీద దోరు నది, ద్రాక్ష కోతలు, గంపలెత్తిన ఆడవాళ్ళు. గడియారం కింద రోజాల పందిరి. రైలు ఆగితే జనం దిగి మరీ చూస్తారు. ఆ పలకలు తుడిచేది నేను, పూలకు నీళ్ళు పోసేది నేను. పైన కాపురం, కింద చాకిరీ. పెళ్ళయి వచ్చినప్పటి నుంచి రోజూ రైళ్ళను చూస్తున్నాను గానీ ఒక్కటీ ఎక్కలేదు.

అమ్మ పోయినప్పుడు రాలేదని నువ్వు నాతో ఏడాది మాట్లాడలేదు. జ్వరమని రాశాను గదా, అది మా ఆయన బెల్మీరో నా చేత రాయించిన మాట. అందమైన స్టేషన్ల పోటీకి ఆ రోజే తనిఖీ. "మీ అమ్మ ఎలాగూ పోయింది జోర్జీనా, పూలు వాడితే బహుమతి కూడా పోతుంది" అన్నాడు. బహుమతి వచ్చింది. ఆ ఫలకం మా తలుపు మీదే బిగించాడు. దాని కిందనుంచి నడిచినప్పుడల్లా తల దించుకుంటాను.

గురువారం వస్తున్నాను. ఇక తిరిగి వెళ్ళను.

నీ చెల్లెలు,
జోర్జీనా

బెల్మీరోకు,

నేను క్షేమంగా అక్క దగ్గరికి చేరాను.

నన్ను రైలు కిటికీలో చూడగానే జెండా చంకలో పెట్టుకుని నిలబడిపోయావు. స్టేషన్ మాస్టర్ జెండా ఎత్తందే డ్రైవరు కదలడు, అదీ నీ ధైర్యం. నన్ను దిగమనలేదు, రైలునే ఆపేశావు. "ఏం బెల్మీరో, చెయ్యి పట్టేసిందా?" అని ఎవరో నవ్వారు. కోళ్ళగంప ముసలమ్మ నా వైపు తిరిగి, "మొగుడితో గొడవైతే ఇంట్లో తేల్చుకోవాలమ్మా, మా సంత వేళ దాటిపోతోంది" అంది. నాకు తల కొట్టేసినట్టయింది. దిగాను. గెలిచాననుకుని నవ్వావు. "రోజాలకు ఇంకా నీళ్ళు పోయలేదు" అన్నావు.

ఉండిపొమ్మని ఒక్క మాట అని ఉంటే ఏం చేసేదాన్నో నాకే తెలియదు. నీ చంకలోంచి జెండా లాగి ఎత్తాను. నీకు నడుం పట్టేసినప్పుడల్లా ఎత్తింది నేనే గదా, డ్రైవరుకు నా చెయ్యి కొత్త కాదు. కూత పడింది. కదిలే పెట్టెలోకి ఆ ముసలమ్మే నన్ను లాగింది. జెండా పార్సిల్లో పంపుతున్నాను.

నేను దిగిన పోర్టో స్టేషన్లో ఇంకా పెద్ద గోడలు, ఇంకా ఎక్కువ నీలి పలకలు. అక్క నా చెయ్యి పట్టుకుని, "తలెత్తి చూడవే, ఎంత బాగున్నాయో" అంది.

"తర్వాత చూస్తాలే అక్కా, ముందు బయటికి దారెటో చెప్పు" అన్నాను.

జోర్జీనా