స్తంభం దిగొచ్చిన మనిషి

తమ్ముడూ మల్లేశం,

నువ్వు వింటే సంబరపడే సంగతి ఒకటి జరిగింది. మాదాపూర్‌లో నేను వంట చేసే లేడీస్ హాస్టల్ డాబా మీద ఈమధ్య సోలార్ పలకలు బిగించారు. మేం వాడగా మిగిలిన కరెంటు వీధి లైనులోకి పోతుంది. దాన్ని డిస్కం వాళ్ల నెట్ మీటర్ లెక్కగడుతుంది.

నిన్న మధ్యాహ్నం మరమ్మతుకని వీధిలో లైన్ ఆపారు. ఎండ మండుతున్నా మా ఫ్యాన్లూ ఆగిపోయాయి. అన్నానికి కూర్చున్న ఆడపిల్లలు ఊరుకుంటారా? "ఆంటీ, సోలార్ పెట్టింది మమ్మల్ని ఉడకబెట్టడానికా?" అన్నారు. మా ఓనరమ్మది భీమవరం. సోలార్ బిగించినతనికి ఫోన్ చేసి, "ఇదేం సోలారండీ? నెత్తిన ఎండుంది, ఇంట్లో కరెంటు లేదు," అని నిలదీసింది.

స్పీకర్‌లో అతని మాట అందరం విన్నాం. "లైన్ బందైతే అది గూడ బందైతది మేడం. కావాలనే గట్ల చేసిన్రు. లేకుంటే మీ కరెంటు ఎనక్కి పోయి పోలు మీదున్నాయనకు కొడ్తది."

ఓనరమ్మ కిటికీలోంచి స్తంభం వైపు చూసింది. "అయితే ఆగనివ్వండి," అని ఫోన్ పెట్టేసి, ఖాళీ ప్లేటుతో విసురుకుంది.

ఆ రోజు నువ్వూ లైన్ ఆపించాకే ఎక్కావు. ఎవరింటి జనరేటర్ కరెంటో తీగలోకి వచ్చింది, నువ్వు ప్రాణాలతో దిగి రాలేదు.

లైన్‌మన్ దిగాక పిలిచి మజ్జిగ ఇచ్చాను. ఒక గుక్క తాగి, "ఉప్పు జర తక్కువైందక్కా," అన్నాడు. స్తంభం దిగొచ్చిన మనిషి ఉప్పుకు పేచీ పెడుతుంటే నాకు నవ్వొచ్చింది. ఉప్పు వేసి, ఇంకో గ్లాసు కూడా పోశాను.

మీ అక్క