ఎడమ చక్రం కొలత

ప్రియమైన అన్నయ్యకు,

ఫోన్ చేస్తే నీ గొంతు వినగానే మాట మార్చేస్తాను. అందుకే ఉత్తరం. నేను బాగానే ఉన్నాను. కాలేజీకి వెళ్తున్నాను, పాఠం చెప్తున్నాను, వచ్చి గిన్నెలు తోముకుంటున్నాను. వేడినీళ్లు చేతిమీద పడినా కాసేపటికి గానీ తెలియడం లేదు, అంతే.

ఆయన పోయి నాలుగు నెలలు. కారు మీ షెడ్డుకు చేరిందని బీమావాళ్లు చెప్పారు. దాని ముందు చక్రాలు కొలిచి చెప్పు. రేసు ట్రాక్ మీదికి వెళ్లే ముందురోజు వాటిని సరిచేసింది నేనే కదా. ఆయన బరువుకు సరిపడా ఇసుక సంచులు సీట్లో పెట్టి, కారుకు రెండు పక్కలా దారాలు కట్టి, మోకాళ్ల మీద పాకుతూ కొలిచాను. క్యాంబర్, అంటే చక్రం పైభాగం లోపలికి వాలే కోణం, రెండువైపులా రెండున్నర డిగ్రీలు. టో, అంటే చక్రాల ముందంచులు చూసే దిక్కు, చెరో మిల్లీమీటరు బయటికి. అలాగే రాసుకున్నాను. కానీ ఎడమవైపు స్కేలు ఏ పక్కనుంచి చదివానో గుర్తు రావడం లేదు. తిరగేసి చదివానేమో. మూడో మలుపులో బ్రేకు వేయగానే కారు పక్కకు లాగిందని చూసినవాళ్లు అన్నారు.

నా చేత్తోనే అయిందా అన్నయ్యా? నాకది తెలియాలి. నేను రాసుకున్న పేజీ కూడా పంపుతున్నాను.

నీ చెల్లి

*

చెల్లాయ్,

అనుమానాల పుట్టా! గ్యాస్ కట్టేశానో లేదోనని వీధి చివరనుంచి వెనక్కి పరిగెత్తే మనిషివి, నువ్వు స్కేలు తిరగేసి చదవడమేమిటే? కొలిచాను. క్యాంబర్ రెండున్నర, రెండున్నర. టో ఒకటి, ఒకటి. నువ్వు రాసింది రాసినట్టే ఉంది. పాతికేళ్లుగా ఈ షాపు నడుపుతున్నాను, ఇంత శుభ్రంగా చేసిన అలైన్‌మెంట్ చూడలేదు. మీ వదిన నిన్ను రమ్మంటోంది. వచ్చి నాలుగు రోజులుండు. ఈ సంగతి ఇక వదిలెయ్.

మీ అన్నయ్య

*

ప్రియమైన అన్నయ్యకు,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. ఎడమ చక్రం ఊడి కారు కింద మడతపడి ఉండటం ఆ రోజు నా కళ్లతో చూశాను. అలాంటి చక్రానికి టో ఎలా కొలిచావు? నా పేజీ చూసి నాకే రాసి పంపావు. కాపీ కొట్టే పిల్లలకైనా తెలుసు, ఒకటి రెండు అంకెలు మార్చాలని.

నువ్వు అబద్ధమాడావంటే తప్పు నాదేనన్నమాట. చిత్రమేమిటంటే, అలా అనుకుంటే కొంచెం కుదుటగా ఉంది. తప్పు నాదైతే, చక్రాలు కొలిచిన ఆ శనివారాన్ని మొదటినుంచి చివరిదాకా తిరగేసుకుంటూ బతకవచ్చు. చేయడానికి ఒక పని ఉంటుంది. నిజం రాయి. నేను పడిపోనులే.

నీ చెల్లి

*

చెల్లాయ్,

ఇది రాయడానికి నెలన్నర పట్టింది. నేను కొలవలేదు, నిజమే. కానీ నట్టు బిగించాక నువ్వు నట్టుకూ, చక్రాన్ని తిప్పే రాడ్డుకూ కలిపి పసుపు రంగు గీత గీస్తావు కదా, కదిలితే తెలియాలని. టో నట్ల మీద రెండువైపులా ఆ గీత చెక్కుచెదరలేదు. రాడ్లు విప్పి మరలు లెక్కపెట్టాను. ఎడమా కుడీ సరిగ్గా సరిపోయాయి. నువ్వు తిరగేసి చదవలేదు.

పైన క్యాంబర్ బోల్టుల మీద మాత్రం, ఎడమవైపు, గీత తెగి ఉంది. విప్పి మళ్లీ బిగించింది బావే. ఆ పొద్దున నాకు ఫోన్ చేశాడు. నువ్వు గేటు దగ్గర కాగితాల మీద సంతకాలు పెడుతున్నావట.

"ఎడమ టైరు బయటి అంచు అరిగిపోతోంది బావా, ఏం చేయను?" అన్నాడు.

"ఇంకో డిగ్రీ లోపలికి వాల్చెయ్."

"మీ చెల్లిని అడగనా?"

"దాన్ని అడిగావంటే దారాలు పట్టుకుని సాయంత్రం దాకా పాకుతుంది. ట్రాక్ మీద నీ వంతు కాస్తా పోతుంది" అన్నాను. ఇద్దరం నవ్వుకున్నాం.

క్యాంబర్ మారిస్తే టో కూడా మారుతుంది, మళ్లీ సరిచూసుకోవాలి. షాపులో రోజూ పదిమందికి చెప్పే మాట అది. బావకు చెప్పలేదు. తెలిసే ఉంటుందిలే అనుకున్నాను. కారు లాగింది అందుకేనని రుజువు చేయలేను గానీ, నాకింకో కారణం కనబడటం లేదు.

ఆ అబద్ధం రాసింది నీ కోసం కాదు. నా కోసం.

మీ అన్నయ్య

*

ప్రియమైన అన్నయ్యకు,

ఉత్తరం అందింది. తప్పు నాది కాదని తెలిస్తే ఏడుపు వస్తుందనుకున్నాను. రాలేదు. నీ మీద కోపమైనా వస్తుందేమోనని రెండు రోజులు చూశాను. అదీ రాలేదు. వస్తే దాచను, రాస్తాను. వదినకు చెప్పావా? చెప్పు. ఒక్కడివే పెట్టుకుని కూర్చుంటే ఎలా ఉంటుందో నాకు తెలుసు.

నువ్వన్నది నిజమే. నన్ను అడిగి ఉంటే సాయంత్రం దాకా పాకేదాన్నే. ఆయన వంతు పోయేది. గేట్లు మూసేవేళకు, మొహం మాడ్చుకుని, కారు ట్రక్కు మీదికెక్కించేవారు. ఇంటికి వచ్చేదాకా నాతో ఒక్క మాటా మాట్లాడేవారు కాదు. నేను కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చునేదాన్ని.

రెండు రోజులుగా ఆ ప్రయాణంలోనే ఉన్నాను.

నీ చెల్లి