నాలుగో నంబరు మంచం

పన్ను మినహాయింపుల అధికారి గారి సముఖమునకు,

అయ్యా,

విషయం: సంఘం మంచమును కార్యదర్శి భార్య వాడుకొనుటకు అనుమతి కోరుట గురించి.

సెలూన్ నడుపుకొనుచు, రోగులకు ఉచితముగా మంచములు ఎరువిచ్చు సంఘమునకు కార్యదర్శిగా ఉన్న నేను విన్నవించుకొనునది:

1. మంచాన పడ్డవారికి ఇంటికి వెళ్లి గడ్డం గీయుట నా పనిలో భాగము. ఆ ఇళ్లలో వీపు పుండ్లు చూడలేక, తొమ్మిదేళ్ల క్రిందట నేనూ నా భార్యా ఈ సంఘం పెట్టితిమి. హ్యాండిల్ తిప్పితే తల వైపు లేచే మంచములు ఆరు కలవు. పరుపు కవర్లన్నీ నా భార్య కుట్టినవే.

2. లాభాపేక్ష లేని సంస్థ అనగా ఏడాది చివర డబ్బు పెట్టె ఖాళీగా ఉండవలెనని మొదట నేననుకొంటిని. మిగులుతుందేమోనన్న భయముతో ఒక ఏడు అక్కరలేని ఫ్యాను కొంటిని. ఆడిటరు గారు నవ్వి, "మిగిలితే తప్పేం లేదయ్యా. మిగిలింది మళ్లీ మంచాలకే పోవాలి, మీ ఇంటికి రాకూడదు. అందుకే మీకు పన్ను వద్దంటున్నారు" అని చెప్పిరి. తమరిచ్చిన మినహాయింపు కాగితం చూపితే పరుపుల మిల్లు వారికి కూడా వారి పన్నులో కొంత తగ్గును. ఆ కాగితం ఉన్నంతవరకే వారు మాకు పరుపులిచ్చెదరు.

3. ఆడిటరు గారి మాట నాకు తెగ నచ్చి, ఎవరూ అడగకుండానే నియమావళిలో ఇట్లు రాయించితిని: "ఏ పరిస్థితిలోనూ స్థాపకుల ఇంటికి మంచం పోరాదు. ఎవరి వద్దా అద్దె తీసుకోరాదు." "ఏ పరిస్థితిలోనూ అనడం అవసరమా?" అని ఆయన అడిగారు. "ఉండనివ్వండి సార్, రేపు ఎవడూ వేలెత్తి చూపకూడదు" అన్నాను. గొప్పకు పోయి అన్నాను. తమరు ఆ నియమావళి చూసియే మినహాయింపు మంజూరు చేసితిరి.

4. నా భార్యకున్న క్యాన్సరు జబ్బు ఊపిరితిత్తులకు పాకినది. వెల్లకిలా పడుకుంటే ఊపిరాడుట లేదు. మూడు దిండ్లు పెట్టి గోడకు ఆనించి కూర్చోబెట్టుచున్నాను. జారిపోతుంది సార్. పట్టుకుని మళ్లీ పైకి జరపాలి. నాలుగో నంబరు మంచం సెలూన్ వెనక షెడ్డులో ఖాళీగా ఉన్నది.

5. బయట కొనే స్తోమత నాకు లేదు. సంఘానికే అద్దె కట్టుకొందామంటే, అద్దె కూడదని రాయించినది నేనే. రాజీనామా చేసినను స్థాపకుడు స్థాపకుడేనని ఆడిటరు గారు చెప్పిరి. విడాకులిస్తే ఆమె స్థాపకురాలు కాకుండా పోతుందా అని కూడా అడిగాను. ఆయన ఫోన్ పెట్టేశారు. పది నిమిషాలకు మళ్లీ చేసి, "నియమం మార్చుకోవచ్చు, అధికారి గారు ఒప్పుకుంటే. అర్జీ పెట్టు" అన్నారు.

కావున తమరు దయయుంచి "ఏ పరిస్థితిలోనూ" అను నిబంధనను సడలించి, ఇతర రోగులకున్న షరతుల మీదనే నా భార్యకు మంచం ఇచ్చుటకు అనుమతించ ప్రార్థన. ప్రస్తుతము మంచము కొరకు వరుసలో వేరెవరూ లేరు. సంఘం ఆస్తి నాకొద్దు సార్. ఆమె తల కాస్త ఎత్తులో ఉంటే చాలు.

ఇది వెంటనే చిత్తగించవలెను.

తమ విధేయుడు,
మంచాల సంఘం కార్యదర్శి

తా.క.: ఆగలేక నిన్న మధ్యాహ్నం మంచం ఇంటికి తెచ్చేశాను. నా భార్య దాన్ని చూసి, "ఎన్నో నంబరండీ ఇది?" అంది. నాలుగని చెప్పాను.

"అధికారి గారు ఒప్పుకున్నారా?"

అబద్ధం నోటికి రాలేదు. అర్జీ రాశానని మాత్రం చెప్పాను.

"అయితే జవాబు రానివ్వండి. దీని మూలంగా ఆ కాగితం కాస్తా పోతే మిల్లు వాళ్లు పరుపులిస్తారా? నేను కుట్టిన కవర్లు దేనికి తొడుగుతారు?" అంది.

ఎంత బతిమాలినా ఎక్కలేదు. మంచం పక్కనే గోడకు ఆనుకుని కూర్చుంది. మీ ఆఫీసు బోర్డు మీద జవాబుకు ముప్పై రోజులని రాసి ఉంది సార్. డాక్టరు గారు మాకు ఇరవై అన్నారు.