తుపాకి అవసరమునకు కారణము: సంతోషము

చిరంజీవి బుజ్జమ్మకి,

మోకాళ్ళు ఒప్పుకుంటే గంతులేసేవాడే గానీ ప్రస్తుతానికి కూర్చుని మీ నాన్న రాస్తున్న ఉత్తరం.

ఫోన్ చేయొచ్చు కదా అంటావు. ఫోన్లో నువ్వు "సరే నాన్నా, సరే నాన్నా" అని రెండు సరేలతో నా సంతోషాన్ని తేల్చేస్తావు. ఇది అలా తేలేది కాదు. మీ పెదనాన్న తుపాకి మనింటికొచ్చింది!

నిన్న మీ పెద్దమ్మ పాత దుప్పట్లో చుట్టి, పసిబిడ్డని తెచ్చినట్టు తెచ్చింది. "పోయేముందు ఆయన ఒకటే మాటన్నారు మరిదీ, ఇది తమ్ముడికే ఇవ్వమని" అంది. ఇరవై రెండేళ్ళు పలకని మనిషి, బుజ్జమ్మా, చివరికి పలికిన మాట నా గురించి!

నీకు గుర్తుందా, నీ పదో తరగతి ఫలితాలొచ్చిన రోజు మిఠాయి పొట్లంతో వాళ్ళింటికెళ్ళాను. అన్న బీరువా చేస్తున్నాడు. తలుపు కుడివైపుకి తెరుచుకోవాలని వాడు, కాదు ఎడమవైపుకని నేను. మాటా మాటా పెరిగి, గోడ మీది తుపాకి దించి "ఇంకోసారి నా గడప తొక్కావంటే కాల్చిపారేస్తా" అన్నాడు. తొక్కలేదు. అన్న మాట ప్రకారం చేసే మనిషి కదా. వాడు పోయిన రోజు కూడా వీధిలోనే నిలబడ్డాను.

కలప అడితికి కాపలా ఉన్న రోజుల్లో మా నాన్నకిచ్చిన తుపాకి అది. చెక్క భాగానికి మైనం పట్టించాను. ఎక్కడైనా తారీకు ఉందేమోనని వెతికాను. మన ఇంటి వడ్రంగం అలవాటు నీకు తెలుసుగా, చేసిన ప్రతి ముక్కకీ కంటికి కనపడని వైపు పెన్సిల్‌తో తారీకు వేస్తాం. కనపళ్ళేదు.

నలభై రోజుల్లో నా పేర లైసెన్సు తీసుకోవాలట, లేకపోతే తుపాకుల కొట్లో అమ్మేయాలట. నీ సలహా రాయి. అమ్మొద్దనే రాయి.

ఇట్లు,
ఆయుధం పట్టిన నాన్న

తా.క.: దుప్పటి మాత్రం పెద్దమ్మ మళ్ళీ పట్టుకెళ్ళిపోయింది. దాన్ని ఇమ్మని అన్న చెప్పలేదట.

*

నాన్నకి నమస్కారం.

అమ్మెయ్.

ఇంతే రాసి పోస్టు చేద్దామనుకున్నాను. నువ్వు కారణాలు అడుగుతావని రాస్తున్నాను. పోయిన నెల కళ్ళజోడు డబ్బాని రిమోట్ అనుకుని, టీవీకి గురిపెట్టి పావుగంట నొక్కావు. అలాంటి మనిషి ఇంట్లో తుపాకి ఉండకూడదు. పైగా పెదనాన్న నిన్ను దేనితో కాలుస్తానన్నాడో దాన్నే నీకు పంపించాడు. దాన్ని రాజీ అనుకోవాలో, మిగిలిన పని నువ్వే కానిచ్చుకోమన్నాడో నాకు తెలియదు.

నా మీద ఒట్టు, దాన్ని విప్పకు. లోపల వేలు పెట్టకు.

ఇట్లు,
బుజ్జమ్మ

తా.క.: నేను పనిచేసేది రక్తపరీక్షల ల్యాబులో. రోజూ ఊరందరి రక్తం చూస్తున్నాను. ఇంటివాళ్ళది చూడాలని లేదు.

*

చిరంజీవి బుజ్జమ్మకి,

ఒట్టుకి కట్టుబడి, తుపాకి పైపైనే తుడుచుకుంటూ నాన్న రాసేది.

అమ్మెయ్ అన్నావు. అందులో నా మీద ప్రేమే కనపడింది. కాబట్టి లైసెన్సుకి అప్లికేషన్ పెట్టాను.

అందులో "ఆయుధము అవసరమగుటకు కారణము" అని ఒక గడి ఉంది. "సంతోషము" అని రాశాను. గుమాస్తా తిప్పి ఇచ్చేశాడు. ఆత్మరక్షణ, పంట రక్షణ, క్రీడ, ఈ మూడింట్లో ఒకటి ఉండాలట. నాకు పంట లేదు. క్రీడ అంటావా, రోజూ మెట్లెక్కడమే. ఇక మిగిలింది ఆత్మరక్షణ. "ఎవరి నుంచి తాతా?" అన్నాడు. ఏం చెప్పను? డెబ్బై నాలుగేళ్ళొచ్చాయి, ఉన్న ఒక్క శత్రువూ మొన్ననే పోయాడు.

అయినా ఒక ఉపాయం చేశాను. అదంతా రెండో కాగితంలో వివరంగా రాశాను. చదివి కడుపుబ్బా నవ్వుకో.

ఇట్లు,
తెలివిమీరిన నాన్న

తా.క.: ఆఫీసు కవరూ నీ కవరూ ఒకేసారి అంటించాను. ఒక తపాలా బిళ్ళ మిగిలింది కూడా.

*

నాన్నకి నమస్కారం.

నీ కవర్లో రెండో కాగితం లేదు. దాని బదులు ఉన్న కాగితాన్ని ఉన్నదున్నట్టు రాస్తున్నాను:

"ఒరేయ్ ముసలాడా! నీ అంతు చూస్తాను. నువ్వు ఇంట్లోంచి ఎలా బయటికొస్తావో చూస్తాను. నెలకి రెండుసార్లు నీ పీక నా కత్తి కిందే ఉంటుందని మర్చిపోకు. ఇట్లు, ఎదురు సెలూన్ యజమాని."

నువ్వు దీన్ని చూసి నవ్వుకోమన్నావు. నాకు నవ్వు రాలేదు. కాగితం నకలు జతచేసి మీ పోలీస్ స్టేషనుకి ఫిర్యాదు పంపాను. నేను సెలవు పెట్టి వచ్చేదాకా గడ్డం పెంచుకో.

ఇట్లు,
బుజ్జమ్మ

తా.క.: ఇన్నాళ్ళూ పండగ పండక్కీ నువ్వు బత్తాయిలు పంపించింది ఈ మనిషికేనా?

*

చిరంజీవి బుజ్జమ్మకి,

గడ్డం పెంచుతూ నాన్న రాసేది.

ఎంత పని చేశావే తల్లీ! ఫిర్యాదు అందేసరికి కానిస్టేబుల్ ఆ సెలూన్లోనే కూర్చుని ఉన్నాడు, ఒక చెంప అయ్యి, రెండో చెంప నురగతో. ఫోన్ వచ్చింది. "ఎదురు సెలూన్ ఆయన్ని తీసుకురా" అన్నారట. "ముందు ఈ చెంప కానివ్వు" అన్నాడట కానిస్టేబుల్. అది కానిచ్చాకే ఇద్దరూ వెళ్ళారు.

అది ఆత్మరక్షణ గడికి రుజువుగా నేను అడిగి రాయించుకున్న బెదిరింపమ్మా! నీకు పెట్టాల్సిన రెండో కాగితం ఆఫీసు కవర్లోకి, ఆఫీసుకి పోవాల్సిన బెదిరింపు నీ కవర్లోకి వెళ్ళిపోయాయి. గుమాస్తా నా కాగితాన్ని ఆఫీసంతా వినేలా చదివాడట: "ఈ శత్రువు చాలా మంచివాడు. శత్రువుగా ఉండటానికి ఒప్పుకున్నందుకు వాళ్ళ కుర్చీ కాలు బాగుచేసి ఇచ్చాను. బెదిరింపంతా నేనే చెప్పాను, పీక సంగతి మాత్రం ఆయన సొంతం."

ఆ కాగితమే స్టేషనుకి పంపించి ఆయన్ని విడిపించారు. కానీ పెద్ద ఆఫీసరుకి కోపమొచ్చింది. సోమవారం తుపాకి తీసుకురమ్మన్నారు. తుపాకుల కొట్టాయన చూసి వెల కడతాడు, అక్కడే అమ్మేయాలి. నువ్వు అన్నట్టే అవుతోంది. అన్న ఇచ్చిన ఒక్క వస్తువునీ నలభై రోజులు దాచుకోలేకపోయాను.

ఇట్లు,
నాన్న

తా.క.: సెలూన్ ఆయన నాతో మాట్లాడటం మానేశాడు. ఇప్పుడు నాకు నిజంగానే ఒక శత్రువున్నాడు. కొత్తగా అప్లికేషన్ పెట్టొచ్చంటావా?

*

నాన్నకి నమస్కారం.

వద్దు.

సెలూన్ ఆయనకి క్షమాపణ ఉత్తరం రాశాను. నువ్వు దాచుకోవాలనుకున్నది ఇనుమూ చెక్కా కాదని నాకూ అర్థమైంది. అయినా అమ్మెయ్. అమ్మే ముందు కావాలంటే ఒక ఫోటో తీయించుకో. గొట్టం నీ వైపు లేకుండా చూసుకో.

ఇట్లు,
బుజ్జమ్మ

*

చిరంజీవి బుజ్జమ్మకి,

ఈసారి నిజంగానే ఒక గంతు వేసి, నడుం పట్టేసి, పడుకుని నాన్న రాసేది.

కొట్టాయన తుపాకి విప్పాడు. ఒక కన్ను మూసి గొట్టంలోకి చూశాడు. ఆ కన్ను తెరిచి, రెండో కన్ను మూసి చూశాడు. "తాతా, ఇందులోంచి గుండు కాదు గదా, దగ్గు కూడా బయటికి రాదు" అన్నాడు.

లోపల కొయ్య బిరడా ఉంది. పట్టకారుతో లాగితే వచ్చింది. బొటనవేలంత టేకు ముక్క, వెంట్రుక దూరకుండా చెక్కింది. లోపలి వైపు పెన్సిల్‌తో తారీకు. ఆ తొమ్మిది అంకె చూడగానే తెలిసింది, కొడవలిలా వేస్తాడు మా అన్న. నీ ఫలితాలొచ్చిన మర్నాటి తారీకు.

కాల్చిపారేస్తానని అరిచిన మర్నాడే, బుజ్జమ్మా, కూర్చుని ఆ బిరడా చెక్కుకున్నాడు. ఇరవై రెండేళ్ళు నేను బొటనవేలంత కొయ్యకి భయపడి వాళ్ళ గడప తొక్కలేదు. ఒక్క మాట చెప్పొచ్చు కదా వాడు! చెబితే వెళ్ళేవాణ్ణి. వెళితే మళ్ళీ ఎడమవైపు అనేవాణ్ణి. అదీ వాడి భయం.

ఆఫీసరు అన్నాడు: "బిరడా తీసేస్తే ఇది తుపాకి, ఇప్పుడే అమ్మేయాలి. మంచి వెల వస్తుంది. మళ్ళీ బిగించేస్తే కర్ర కింద లెక్క, లైసెన్సు అక్కర్లేదు. ఏం చేస్తావు?"

నేను సుత్తి అడిగాను.

అక్కణ్ణించి తిన్నగా మీ పెద్దమ్మ ఇంటికెళ్ళాను. గడప దగ్గర కాసేపు నిలబడ్డాను. పెద్దమ్మ చూసి "ఏంటి మరిదీ, ఇంకెవరూ కాల్చరులే, రా" అంది. కుడికాలు పెట్టి వెళ్ళాను.

ఇట్లు,
కర్ర పట్టిన నాన్న

తా.క.: ఆ బీరువా వాళ్ళింట్లోనే ఉంది. తలుపు ఎడమవైపుకే తెరుచుకుంటోంది. నేనేమీ అనలేదు. నాలుగుసార్లు తెరిచి మూశాను, అంతే.