ఆరని టాపు

ప్రియమైన అత్తకు,

తమరి ఓపెన్ టాప్ కారుగారి ఆస్థాన స్నానాధికారి సవినయంగా సమర్పించుకునే నివేదిక. తమరు పక్షవాతంతో ఆ వ్యాయామాల ఆసుపత్రికి వెళ్ళాక మొదటి ఆదివారం స్నానం ముగిసింది. కారు క్షేమం. అధికారి నడుము గురించి అడగవద్దు.

ఎండలో కడగొద్దన్నావు కనక కింది వాటా టైలర్ మామా నేనూ కలిసి దాన్ని షెడ్డులోంచి గోడ నీడలోకి తోశాం. ఒక బకెట్‌లో సబ్బు నీళ్ళు, ఇంకో బకెట్‌లో గుడ్డ జాడించడానికి మంచినీళ్ళు, పైనుంచి కిందికి, చక్రాలు ఆఖర్న. అన్నీ నువ్వు చెప్పినట్టే. చిన్న తేడా ఏమిటంటే, కారు షాంపూ అయిపోయింది కనక గిన్నెల సబ్బు వాడాను. ఇదివరకు బానెట్ మీద నీళ్ళు ముత్యాల్లా జారిపోయేవి. ఇప్పుడు బల్ల మీద ఒలికిన టీలా పరుచుకుని కూర్చుంటున్నాయి.

తర్వాత వ్యాక్స్ పెట్టాను. ఊపులో చెయ్యి ఆగక గుడ్డ టాపుకి కూడా పెట్టాను. నల్లటి టాపు మీద తెల్లటి చారలు తేలాయి. దూరం నుంచి చూస్తే జీబ్రా అనుకోవచ్చు. దగ్గర్నుంచి చూస్తే నువ్వు నన్ను చంపొచ్చు.

కారు కొంటానన్న పళ్ళ డాక్టరు సాయంత్రం వచ్చాడు. టాపు తడిగా ఉంది, తడిది మడిస్తే బూజు పడుతుంది, వచ్చే వారం రండి అన్నాను. నీ మాటే అప్పజెప్పాను.

వారమంతా ఆఫీసు ఫోన్లో జనం చేత తిట్టించుకుని, సెలవునాడు కారుకి ఊడిగం చేసి, ఇప్పుడు కలం పట్టుకోవడానికి వేళ్ళు ఒప్పుకోవడం లేదు. నీ చెయ్యి ఎలా ఉంది?

ఇట్లు, నురగలోంచి,
నీ మేనల్లుడు

*

ప్రియమైన పండితుడికి,

ఎడమ చేత్తో రాస్తున్నాను. అక్షరాలు తాగి నడిచినట్టుంటాయి, సర్దుకో.

గిన్నెల సబ్బు గిన్నెలకి. అది మురికితో పాటు పాత వ్యాక్స్‌ని కూడా ఊడ్చుకుపోతుంది. వ్యాక్స్ రంగుకి, గుడ్డకి కాదు. ఆ చారల్ని పొడిగా ఉన్నప్పుడు మెత్తటి బ్రష్షుతో దులిపి, గోరువెచ్చటి నీళ్ళతో నెమ్మదిగా రుద్దు. పూర్తిగా ఆరాక, నీళ్ళు ఇంకకుండా కొట్టే స్ప్రే షెడ్డు అలమరలో ఉంది. అద్దాలకీ రంగుకీ పాత దుప్పటి కప్పి కొట్టు.

ఇక్కడ నాదీ అదే పని. బల్ల మీద గుడ్డ వేసి, దాని మీద నా కుడి చెయ్యి పెట్టి, ముందుకి తొయ్యమంటుంది వ్యాయామాల అమ్మాయి. నీకు నేను కారిచ్చాను, నాకు వీళ్ళు బల్ల ఇచ్చారు. చెయ్యి సగం దాకా వెళ్ళి ఆగిపోతుంది. మధ్యాహ్నానికి మాట్లాడే ఓపిక కూడా ఉండదు. నాకు మాటలు అయిపోవడమేమిటని నవ్వకు.

డాక్టరుకి కారిచ్చెయ్యి. నెమ్మదస్తుడు, బాగా చూసుకుంటాడు.

అత్త

*

ప్రియమైన వంకర అక్షరాల అత్తకు,

అక్షరాలు తూలినా తిట్లు తిన్నగానే వచ్చి చేరాయి. చారలు పోయాయి. స్ప్రే కొట్టాను. దుప్పటి కారుకి కప్పాను గానీ టైలర్ మామకి కప్పడం మరిచాను, ఇప్పుడు ఆయన చొక్కా మీద వాన పడినా భయం లేదు. టాపు అయితే అద్భుతం. చెంబుడు నీళ్ళు పోస్తే చుక్క ఇంకకుండా తామరాకు మీద జారినట్టు జారిపోతున్నాయి.

డాక్టరు మళ్ళీ వచ్చాడు. పాపం, టాపుని వేలితో నొక్కి, కదిలే పన్నుని చూసినట్టు చూసి వెళ్ళిపోయాడు. టాపు ఇంకా ఆరలేదు మరి. ఏం చేస్తాం.

భుజాలు నావి కావన్నట్టున్నాయి. నిద్ర సరిపోవడం లేదు. నువ్వు పడుకుంటున్నావా?

ఇట్లు,
తమరి టాపు సంరక్షకుడు

*

ఒరేయ్,

చుక్క ఇంకని టాపు ఆరకపోవడమేమిటి? రెండూ ఒకే ఉత్తరంలో రాశావు, అబద్ధానికి కనీసం వేరే కాగితమైనా వాడాల్సింది.

డాక్టరు నాకు ఫోన్ చేశాడు. "మీ మేనల్లుడు నన్ను గేటు దగ్గర చూడగానే చెంబు పట్టుకుని పరిగెడతాడండీ" అన్నాడు. ఆయనకి కోపం రాలేదు, నాకొచ్చింది.

నువ్వు దాన్ని మెరిపించినంతకాలం నేనొచ్చి నడుపుతాననుకుంటావు. బ్రేకు మీద ఉండాల్సిన కాలికి నేల ఎక్కడుందో కూడా తెలియడం లేదురా. నా ఒంటి బరువు మొయ్యడానికే ఓపిక లేదు, నీ నమ్మకం కూడా ఎక్కడ మొయ్యను?

ఆదివారం టాపు ఆరి ఉండాలి. చెంబు మీ టైలర్ మామకి అప్పజెప్పు.

అత్త

*

అత్తా,

ఈసారి నివేదిక లేదు. టాపు ఆరింది. వ్యాక్స్ పలచగా పెట్టి, మెత్తటి గుడ్డతో తుడిచాను. నీళ్ళు మళ్ళీ ముత్యాల్లా జారుతున్నాయి.

డాక్టరు వచ్చి, చుట్టూ తిరిగి, బయటికి తియ్యి బాబూ, ఓసారి తిరిగొద్దాం అన్నాడు. నేను వెనక్కి వెళ్ళి తొయ్యడం మొదలుపెట్టాను. బ్యాటరీ పోయిందా అన్నాడు. బ్యాటరీ బాగానే ఉందండీ, నాకే నడపడం రాదు అన్నాను. మరి ఇన్నాళ్ళూ ఎందుకు తుడుస్తున్నావని అడిగాడు. ఓ జోకు నోటిదాకా వచ్చింది. వెయ్యడానికి ఓపిక లేకపోయింది.

నువ్వు నడుపుతావని కాదత్తా. నీ కాలి సంగతి అక్కడి డాక్టరమ్మ నాకూ చెప్పింది. కారు పోతే ఆదివారం నీకేం రాయను? ఎలా ఉన్నావంటే జవాబే ఉండదు. గిన్నెల సబ్బు వాడానంటే పేజీ నిండా తిడతావు. ఆ పేజీ కోసం తుడిచాను.

శుక్రవారం తీసుకెళతానన్నాడు. తాళంచెవి మేకుకి తగిలించాను.

మేనల్లుడు

*

ప్రియమైన తోపుడుబండి పండితుడికి,

నీ ఉత్తరం బల్ల అవతలి అంచున పెట్టి, దాన్ని అందుకోమంది ఆ అమ్మాయి. సగం దాటాను. అంచు ఇంకా దూరమే. అలసిపోయి ఆమె చేత చదివించుకున్నాను, ఆమె కూడా నిన్ను తిట్టింది.

డాక్టరుకి వద్దని చెప్పాను. ముందే అనుకున్నానండీ అన్నాడు. కుర్రాడు నేర్చుకునే రోజుల్లో మా వీధిలోకి మాత్రం పంపకండి అని బతిమాలాడు.

ఎన్నిసార్లు నేర్పుతానన్నా పరీక్షలనీ తలనొప్పనీ తప్పించుకున్నావు. ఇక కుదరదు. ఏదైనా డ్రైవింగ్ స్కూల్లో చేరి, లైసెన్సు చేతికొచ్చాకే నన్ను తీసుకెళ్ళడానికి రా. కారులో రా, దాని వెనకాల కాదు. ఆలస్యమైనా ఫరవాలేదు, నాకిక్కడ బల్ల ఉంది. పక్క సీట్లో కూర్చోవడానికి కాలు పని చెయ్యనక్కర్లేదు. తిట్టడానికి చెయ్యి అక్కర్లేదు.

వచ్చే రోజు టాపు మడిచి రా. మడిచే ముందు అరచేత్తో తడిమి చూడు. నిజంగా ఆరితేనే.

నీ అత్త