మాట లేని సగం చూసింది

దీపక్, సువార్త పడుకుంది, లేపకు. పులుసు వేడి చేసి ఇద్దరూ తినండి. తన రాత్రి మాత్ర నువ్వే దగ్గరుండి వేయించు. నేను రాజోలు వెళ్తున్నాను. మెదడుకి ఆపరేషన్ చేస్తే కూతురు తనని మరిచిపోతుందని మీ అత్తగారు బెంగపెట్టుకుంది. నిన్న చూసింది ఫోన్‌లో చెప్తే నమ్మదు, ఎదురుగా కూర్చుని చెప్పాలి.

సెలవు దొరకలేదని నువ్వు ఆసుపత్రికి రాలేదు గాని, చూడాల్సిందిరా. సువార్తకి మూర్ఛ పుట్టే ఎడమ సగం మెదడుకి మందు పంపి కాసేపు నిద్రపుచ్చారు. అది లేకపోయినా రెండో సగం జ్ఞాపకం పెట్టుకోగలదా అని పరీక్ష. కుడి చెయ్యి వాలిపోయింది, మాట పడిపోయింది. అప్పుడు గరిటె, దువ్వెన, తాళంకప్ప చూపించారు. మందు దిగాక అడిగితే అన్నీ గుర్తుపట్టింది.

"ఇంకేమైనా గుర్తుందా అమ్మా?" అంది డాక్టరమ్మ.

"ఆయ్, మా అత్తయ్యగారు అద్దం అవతల నిలబడి ఏడ్చేరండి. ఆవిణ్ణి కాస్త కూర్చోబెట్టండని చెబుదామంటే నోరు పెగల్లేదండి."

డాక్టరమ్మ వెనక్కి తిరిగి నన్ను చూసింది. నన్నెవరూ తనకి చూపించలేదురా. మాట కూడా లేని ఆ సగం నన్ను చూసి, దాచుకుని, మాట వచ్చాక అప్పజెప్పింది. మీ నాన్న పోయాక నాచేత అక్షరాలు దిద్దించిన పిల్ల, ఎక్కడికీ పోదు.

ఆపరేషన్ చేయొచ్చన్నారు.

అమ్మ

మరిచాను. ఆపరేషన్ రోజు సెలవు పెట్టు. లోపలికి తీసుకెళ్ళేటప్పుడు తన ఎదురుగా నువ్వు నిలబడు, నేను వెనకాల ఉంటాను. ఏడుపు ఆపుకోవడం నాకు రాదు. ఆ మాట లేని సగం చూసిందంటే గుర్తుపెట్టుకుంటుంది.