ఎనిమిదో పాట మిగిలింది

ఆగస్టు 3, ఆదివారం

పండూ, ఇవాళ కూడా పిట్ట ముట్టలేదు.

నెల మాసికం కదా. బోడకాకరకాయ కూర చేశాను. కోడి వండాను. మీ నాయిన నీకని గడ్డ పెరుగు తెచ్చాడు. ఇంటి వెనక గోడ మీద విస్తరి పెట్టి అందరం దూరం జరిగి నిలబడ్డాం. కాకి వచ్చింది. రేకుల మీద కూర్చుంది. గోడ మీదికి దిగింది, మెడ వంచి చూసింది... పోయింది. పదకొండో రోజు కూడా ఇట్లాగే చేసింది.

ఆ రోజు దినం చేయించిన పెద్దాయన అన్నాడు— "పోరనికి ఏదో కోరిక మిగిలింది. యాది చేస్కోండ్రి." మీ నాయిన సిగరెట్ పెట్టాడు. మీ మేనమామ బీరు సీసా తెచ్చి పెట్టాడు. నువ్వు తాగుతావని నాకు అప్పుడే తెలిసింది. కాకి దానికీ దిగలేదు. ఆఖరుకు ఆవుకు పెట్టి చేతులు కడుక్కున్నాం.

ఇవాళా ఆవుకే పెట్టాం. ఆవు మటుకు కడుపునిండా తింటోంది.

నీ ఐటీఐ పుస్తకంలో వెనక కాగితాలు తెల్లగా మిగిలిపోయాయి. వాటి మీద రాస్తున్నాను. ఐదో తరగతి చదువు నాది, తప్పులుంటాయి. ఎవరు చూడొచ్చారు.

ఆగస్టు 4

పత్తి కలుపుకు పోయాను. నెల దాటింది, ఇంక పోక తప్పదు. పక్క సాలులోనే ఈరమ్మ. మన గోడకు ఆనుకొని ఉండే ఇంటి మనిషి, నిన్ను ఎత్తుకున్న మనిషి, మొఖం మీదే అంది—

"చెవుల పాటలు పెట్టుకొని బండి నడిపితె గట్లనె అయితది వదినా. లారీ హారన్ యాడ ఇనవడతది?"

గడ్డి పీకాను. గడ్డితో పాటు పత్తి మొక్కలు కూడా పీకాను. మేస్త్రి తిట్టాడు.

ఆగస్టు 5

వాన. పని లేదు. మీ నాయిన జామాయిల్ కర్ర లారీ లోడింగ్‌కు పోయాడు, వానకు ఆగే పని కాదది.

నీ ఫోన్ బియ్యం డబ్బా మీద ఉంది. అద్దం పగిలింది, లోపల బాగానే ఉంది. మీ నాయిన రోజూ చార్జింగ్ పెడతాడు. ఒక్కసారి కూడా తెరవడు. ఎందుకు పెడతావని నేనూ అడగను.

ఇవాళ తెరిచాను. నువ్వు వేలితో తాళం తీసే గీత గీసేది వెయ్యిసార్లు చూశాను కదా, పొయ్యి దగ్గర కూర్చొని.

పైనే ఉంది ఒక గ్రూపు. "ఆదివారం ఆల్బమ్" అని పేరు. చాలావరకు మాట్లాడి పంపిన ముక్కలే, నొక్కితే వినపడతాయి. మంచిదే అయింది, చదవడమైతే నాకు పొద్దు గూకేది. ఒకటి నొక్కాను. నీ గొంతు.

ఫోన్ పడేశాను. మళ్ళీ తీశాను.

ఆగస్టు 6

ఇంట్లో నీ మాటలు ఏమిటి? "ఊ." "తిన్న." "ఏంలే." "పండుకుంట." అంతే కదా. కాగితం మిల్లు నుంచి వచ్చి చెవుల్లో అవి పెట్టుకుంటే పెళ్ళి మాట ఎత్తినా పలకవు. కాంట్రాక్టు పనికి అలిసిపోయావు, మాట్లాడే ఓపిక లేదు అనుకున్నాను.

అక్కడ చూస్తే మనిషివే వేరు. ఖమ్మం పిల్లలతో, మధిర పిల్లతో, మణుగూరు పిల్లలతో... ఆగకుండా చెబుతున్నావు. నవ్వుతున్నావు. డప్పు గురించే ఎంతసేపు మాట్లాడావు!

"డప్పు మంచిగుంది భయ్, కాదంటలే. కానీ అది మిషన్ల కొట్టిన డప్పు. నిప్పు సెగకు కాచిన డప్పైతె ఫస్టు దెబ్బ గట్టిగుంటది, పాట అయిపోయేటాళ్ళకు జర మెత్తవడతది. దీంట్ల షురు నుంచి ఆఖర్ దాంక ఒక్క తీరు. అలిసిపోని డప్పు ఉంటదా?"

అవతల వాళ్ళంతా చప్పట్ల బొమ్మలు పెట్టారు.

నాకు ఒక్కనాడైనా చెప్పావా డప్పు అలిసిపోతుందని. ఎవరో మొఖం తెలియని వాళ్ళకు పంచిపెట్టావు నోట్లో మాటంతా. నాకు "ఊ" మిగిల్చావు.

ఆగస్టు 7

వాళ్ళ పద్ధతి అర్థమైంది. వారానికి ఒక ఆల్బమ్. అందరూ విని, పాట పాటకూ ఎట్లా ఉందో చెప్పి, మార్కులు వేయాలి. సందీప్ అనే పిల్లాడు పెద్ద. ఖమ్మంలో హాస్టల్లో ఉండి కోచింగ్ చదువుతున్నాడట. "ఉత్తగ బాగుంది అంటే నడవదు. ఎందుకు బాగుందో చెప్పాలె" అని రాస్తాడు ప్రతిసారీ, వాడివన్నీ రాతలే. చెప్పని వాళ్ళను తీసేస్తాడు.

కొట్లాడుకుంటారు కూడా. మధిర పిల్ల పేరు లహరి. "మూడో పాటకి నాకు ఏడుపొచ్చేసిందండీ, నిజంగా" అంటే, మణుగూరు సలీం— "అక్కా, నీకు రింగుటోనుకు గూడ ఏడుపొస్తది, నీ మార్కులు లెక్కల వట్టం." నువ్వు మధ్యలో దూరి— "ఏడిస్తె ఏంది సలీం, నువ్వు నవ్వటానికి వస్తలేవా గ్రూపుల?"

నా కొడుకు ఇట్లా సర్ది చెప్పగలడా. మీ నాయినకూ నాకూ కొట్లాట అయితే తలుపు తీసుకొని బయటికి పోయేవాడివి.

ఆగస్టు 8

నీ ఆఖరు వారం ఆల్బమ్ ఎనిమిది పాటలది. ఐదో పాట అమ్మ మీద అట. లహరి పదికి పది వేసింది. సలీం కూడా తొమ్మిది వేశాడు. నువ్వేమన్నావంటే—

"గా పాటల అమ్మకు కోపమే రాదు భయ్. పొద్దుందాక దీపం లెక్క నవ్వుకుంట కూసుంటది. తిట్టని అమ్మ ఏడుంటది? మా అమ్మైతె నేను చెవుల ఇవి పెట్టుకుంటె 'నీ పాటల్ల మన్నువొయ్య, కూడు సల్లారె లెవ్వు' అంటది. పాట రాసినోనికి అన్నం ఎవలు వెట్టిన్రో అడగాలె. మూడు మార్కులు కోసిన."

నవ్వు బొమ్మలు. ఎన్ని నవ్వు బొమ్మలో. నన్ను పెట్టి నవ్వించావు జనాన్ని.

మళ్ళీ మళ్ళీ విన్నాను. నా మాటను నా గొంతుతోనే అన్నావు, అచ్చం. "సల్లారె" అనేటప్పుడు నేను లాగినట్టే లాగావు.

మీ నాయిన తింటున్నాడు, చూసుకోలేదు, మళ్ళీ నొక్కాను. గొంతు వినపడగానే కంచం ముందు నుంచి లేచిపోయాడు. సగం అన్నం కుక్కకు పోయింది. చార్జింగ్ మాత్రం పెట్టాడు.

ఆగస్టు 9

దొరికింది.

నువ్వు ఏడు పాటల గురించి చెప్పి ఆపావు. సందీప్ రాత పంపాడు, కూడబలుక్కొని చదివాను. "నరేష్ భయ్, ఎనిమిదోది పెండింగ్. రేపు పదింటి లోపల చెప్పకపోతే గ్రూపుల కెల్లి అవుట్." పక్కన నవ్వు బొమ్మ.

నువ్వు— "ఆగు భయ్. పొద్దుగాల డ్యూటీకి పోంగ ఇంట. మిల్లు గేటు కాడ నిలవడి చెప్త."

అదే నీ ఆఖరు మాట. నాతో కాదు. వాడితో.

దాని కింద పొద్దున మళ్ళీ వాడిదే. "టైమ్ అయింది నరేష్ భయ్." గడియారం బొమ్మ. అప్పటికి నిన్ను రోడ్డు మీద గుడ్డ కప్పి పడుకోబెట్టారు.

సందీప్. సందీప్. సందీప్.

వీడికి తల్లి ఉందా?

ఆగస్టు 10, ఆదివారం

ఇవాళ వాళ్ళు నీ గురించి మాట్లాడారు, నువ్వు పోయిన సంగతి వాళ్ళకు ఎట్లానో తెలిసింది. నేను వింటున్నట్టు నీలం గీతలు పడుతున్నాయట. నాకేం తెలుసు గీతల సంగతి.

సలీం— "ఇంట్ల వాళ్ళెవలో చూస్తుండొచ్చు భయ్. ఉండనీ, ఏం పోయింది."

లహరి— "ఒకసారి ఎవరని అడుగుదామండీ పోనీ..."

సందీప్ గొంతు ఇదే నేను వినడం. చిన్న గొంతు. నీకన్నా చిన్నోడు. "నాతోని అయితలేదు. ఆ పేరు కింద గీత పడ్డప్పుడల్ల నాకు అన్నం పోతలేదు. రూల్ అందరికీ ఒక్కటే. వచ్చే ఆదివారం దాంక ఆ నంబర్ నుంచి మాట రాకపోతె తీసేస్త."

వాడికి అన్నం పోతలేదట.

తీసేస్తే నీ మాటలు కూడా ఫోన్లో నుంచి పోతాయేమో. పోతాయా, ఉంటాయా, ఎవరిని అడగాలి నేను? మీ నాయినను అడిగితే లేచిపోతాడు. ఊళ్ళో అడిగితే ఈరమ్మకు తెలుస్తుంది.

మాట్లాడితే ఉంచుతారు. మాట్లాడడం మొదలుపెడితే నా నోట్లో నుంచి ముందు వచ్చేది శాపనార్థాలే.

ఆగస్టు 11

నాట్లు వేసే చోట ఎవరో పాట ఎత్తారు. నేను పక్క పొలంలోకి పోయాను.

ఆగస్టు 13

గోదారి పెరుగుతోందట. భద్రాచలం బ్రిడ్జి మీద జనం చూడటానికి పోతున్నారు. మీ నాయినకు లోడింగ్ లేదు. ఇంట్లో ఇద్దరం. మూలకు ఒకరం.

బియ్యం ఏరుతూ ఉంటే తట్టింది. పెద్దాయన అన్నాడు కదా, ఏదో మిగిలిందని. సిగరెట్ కాదు. బీరు కాదు. నీకు మిగిలింది ఆ పాటే. చెబుతానని మాట ఇచ్చి చెప్పకుండా పోయావు. ఇంట్లో ఇచ్చిన మాట సంగతి ఎట్లున్నా, వాళ్ళకు ఇచ్చిన మాట తప్పవు కదా నువ్వు.

మీ నాయినకు చెప్పాను. "పాటకు పిట్ట ఆగుతదానే?" అన్నాడు. కాసేపటికి మళ్ళీ— "ఆగుతె ఆగొచ్చు. వాని సంగతి మనకేం తెల్సు."

అదే నా మంట కూడా. మనకేం తెలుసు.

ఆగస్టు 14

ఒకటి నుంచి ఏడు వరకు విన్నాను. పొయ్యి దగ్గర కూర్చొని, నువ్వు కూర్చునే చోట.

రెండో పాట గోల. మూడోదానికి నాకు ఏడుపేం రాలేదు, ఆ పిల్లకు ఎట్లా వచ్చిందో. ఐదోది నువ్వన్నట్టే ఉంది. ఆ అమ్మకు పనే లేదు. చేతికి మట్టి లేదు, నోట్లో మాట లేదు. నేనైతే మూడు కాదు, ఐదు కోసేదాన్ని.

ఎనిమిదోది నొక్కలేదు. పొద్దున ఈరమ్మ గోడ అవతల నుంచి "ఏంది వదినా, మీ ఇంట్ల పాటలు?" అంది. ఆ మాటలో ఏముందో నాకు తెలుసు.

"అవ్, పాటలే" అన్నాను. "నీకు గూడ వెట్టాల్నా?"

తల లోపలికి తీసుకుంది.

ఆగస్టు 16

ఎనిమిదో పాట.

నొక్కడానికి ముందే చూశాను. మిగతా పాటల కింద, ఎంత నడిచిందో చూపే గీతలు మొదట్లో ఉన్నాయి. దీని గీత సగంలో ఆగి ఉంది. అంటే సగం వరకు విన్నావు. బండి మీద. ఈరమ్మ అన్నది నిజమే అయింది, దాని నోరు పడ...

నువ్వే ఆపావా? లేక అదే ఆగిపోయిందా? నిన్ను గుద్దిన జామాయిల్ లారీ వెలుగు చూసి ఆపేశావేమో. తీగ ఊడిపోయిందేమో. ఈ ఫోన్ అన్నీ చెబుతుంది, అది మాత్రం చెప్పదు.

వెనక్కి లాగి మొదటి నుంచి విన్నాను, నువ్వు విన్న సగం. ఆపాను. నీళ్ళు తాగాను. మీ నాయిన వచ్చి గడప మీద కూర్చున్నాడు, నా వైపు చూడకుండా. అప్పుడు నువ్వు వినని సగం పెట్టాను. ఇద్దరం విన్నాం. అయిపోయాక ఆయన ఒక్కటే అన్నాడు—

"గింత పాటకా."

ఆగస్టు 17, ఆదివారం

పొద్దున్నే కూర వండాను, బోడకాకరదే. పిట్టకు పెట్టకముందే ఫోన్ పట్టుకున్నాను. మైకు బొమ్మ నొక్కి పట్టుకోవాలని నిన్ను చూసే నేర్చుకున్నాను. రెండుసార్లు వేలు జారింది. మూడోసారి పోయింది. ఏమన్నానో ఇక్కడ రాసి పెడుతున్నాను. తీసేస్తే మాట పోతుంది, రాత ఉంటుంది.

"నేను నరేష్ వాళ్ళ అమ్మను మాట్లాడుతున్న. గీతలు వడ్డది నాతోనే. ఎనిమిదో పాట మా వోడు బాకీ ఉండె కదా, నేను చెప్తున్న. ఉత్తగ చెప్పొద్దన్నరు, ఇనుండ్రి. పాట బాగలేదు. ఇంటికి వస్త, ఇంటికి వస్త అని సగం దాంక పాడిండు. వస్త అనేటోడు గన్నిసార్లు అనడు, వస్తడు. వాన వెట్టిన్రు. అది రేకుల మీద వడే వాన కాదు, అద్దాల కిటికీ ఎనక కూసోని ఇన్న వాన. మా వోడు సగమే ఇన్నడు. మిగిలిన సగం నేనూ వాళ్ళ నాయిన ఇన్నం. ఆఖర్న ఒక ఆడమనిషి ఊరికే కూనిరాగం తీస్తది, మాటల్లేవు. గది ఒక్కటి మంచిగుంది. పని చేసుకుంట తీసిన లెక్కుంది. దానికి నాలుగు మార్కులు. మా వోడైతె ఎన్ని ఏసేటోడో నాకు తెల్వది. వాడు నాకేం చెప్పలే, అన్ని మీకే చెప్పిండు.

సందీప్ బిడ్డా, నిన్ను తిట్టాలని చానా పెట్టుకున్న. పొద్దుగాల నీ గొంతు మళ్ళొకసారి ఇన్న. తిట్లు వస్తలేవు. మాఫ్ చేసిన అనుకోకు, చెయ్యలే. ఈ నంబర్ మటుకు తియ్యకు."

ముందు ఒక గీత, తర్వాత రెండు. ఒక్కొక్కరికీ పోతోంది. లహరి చూసింది. సలీం చూశాడు. సందీప్ పేరు పక్కన మైకు బొమ్మ కదిలింది, ఆగింది, మళ్ళీ కదిలింది, ఆగిపోయింది.

ఎదురు చూడలేక ఫోన్ గోడ మీదే పెట్టి, దాని పక్కన విస్తరి వేశాను. అన్నం, కూర, గడ్డ పెరుగు. సిగరెట్ పెట్టలేదు.

ఇది పెరట్లో కూర్చొనే రాస్తున్నాను. మీ నాయిన చెంబు పట్టుకొని పక్కనే నిలబడ్డాడు, తనూ ఇంకా తినలేదు. ఈరమ్మ కూడా తన గోడ మీది నుంచి చూస్తోంది.

కాకి రేకుల మీదికి వచ్చింది. మెడ వంచింది. ఫోన్ ఒకసారి మోగింది— పిట్ట ఎగిరి రెండు రేకులు వెనక్కి పోయి కూర్చుంది. పోలేదు. సందీపే అయి ఉంటాడు. నేను లేవను, లేస్తే పిట్ట పోతుంది.

నీ మాట నేను చెప్పాను కదా. ఇంక ఏం మిగల్లేదు. కూర వేడిగానే ఉంది పండూ, చల్లారకముందే తిను. కడుపునిండా తిను.